పడవ కంటే ముందు బండి

రామగుండం దగ్గర గోదావరి ఎంత వెడల్పో, దాని మీద పడవల చరిత్ర అంత సన్నం. ఒడ్డు దాటించే నాటుపడవలుండేవి, చేపలు పట్టేవాళ్ల తెప్పలుండేవి. సరుకు నింపుకొని తెరచాప ఎత్తి రోజుల తరబడి సాగే పడవలు మాత్రం ధవళేశ్వరం కింద, డెల్టా కాలువల్లో తిరిగాయి. ఎండాకాలం మా దగ్గర నది అంటే ఇసుకే. ఆ ఇసుకే మా బతుకు కూడా: బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా గనిలోకి పైపుల్లో నీళ్లతో కలిపి పంపింది ఈ గోదావరి ఇసుకనే. సింగరేణి వర్క్‌షాపులో వెల్డర్‌గా చేసి దిగిపోయిన నాకు నది గురించి మొదట తెలిసింది ఆ పైపులకు పడ్డ తూట్ల వల్లనే. ఇసుక ఇనుమును తినేస్తుంది.

గోదావరిని బాటగా మార్చాలని ఒకాయన గట్టిగానే పట్టుబట్టాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్. బేరార్ పత్తిని ప్రాణహిత మీదుగా గోదావరిలోకి దించి కాకినాడ రేవుకు చేర్చాలన్నది ఆయన ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండు మిల్లులవాళ్లకు కూడా ఈ నది గుర్తొచ్చింది. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. మేజర్ హేగ్ అనే ఇంజనీరు ఏళ్లకేళ్లు అక్కడే ఉండి ఆనకట్టలు, లాకులు కట్టించాడు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పథకాన్ని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది.

అది పూర్తయి ఉన్నా మాకు ఒరిగేదేమీ లేదు. పడవలు కాళేశ్వరం దగ్గరే ప్రాణహితలోకి మళ్లిపోయేవి. మంథని, రామగుండం వైపు తిరిగి చూసేవి కావు. సరిగ్గా ఆ 1871లోనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఆ తర్వాత ఈ ప్రాంతం కథంతా చక్రాల కథే. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, మద్రాసు–ఢిల్లీ బండ్లు మా నది మీదుగా పోయాయి. 1960ల మొదట్లో ఇక్కడ గనులు తెరిచాక బొగ్గు కూడా ఆ పట్టాల మీదే పోయింది.

కాబట్టి మా ఒడ్డున తెరచాప ఎత్తాలనుకున్నవాడు పడవను రోడ్డు మీదే తెచ్చుకోవాలి. పెద్ద నీళ్లు నిలబడ్డది కూడా ఈమధ్యే. ఎల్లంపల్లి జలాశయానికి 20 టీఎంసీల సామర్థ్యం. మంథని ప్రాంత నాయకుడు, స్పీకర్‌గా చేసిన శ్రీపాదరావు పేరు దానికి. 2019లో సుందిళ్ల, అన్నారం బరాజ్‌లు నిండి గోదావరిఖని పక్కన నది చెరువులా నిలబడితే ఊరంతా చూడటానికి పోయింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాక ఆ రెండింటినీ కూడా ఖాళీ చేశారు. నీళ్లే ఇన్నిసార్లు చోటు మార్చే నది మీద పడవను ఒక రేవుకు కట్టేసి ఉంచడం కుదరదు. నీళ్లెక్కడుంటే అక్కడికి లాక్కుపోవాలి.

మా మిత్రుడొకడికి ఎల్లంపల్లి మీద మోజు. ఇరిగేషన్‌ వాళ్ల అనుమతి సంగతి తను చూసుకుంటానన్నాడు, సికింద్రాబాద్‌లో అమ్మకానికున్న పాత ఎంటర్‌ప్రైజ్ పడవను చూడమని నన్ను పంపాడు. 1956లో జాక్ హోల్ట్ గీసిన నమూనా అది. ఇద్దరు నడిపేది, పొడవు నాలుగు మీటర్లు, నీలం తెరచాపలు. మన దగ్గర తెరచాప పడవల సంత అంటూ ఉంటే అది హుస్సేన్‌సాగర్ ఒడ్డే. మిలిటరీ వాళ్ల ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ అక్కడే ఉంది, వానాకాలపు గాలులకు పోటీలు కూడా అక్కడే.

"పడవ పైనున్నది కాకా, కిందేం చూస్తున్నవ్?" అన్నాడు అమ్మే పిలగాడు.

నేను ట్రైలర్ కింద పడుకొని సుత్తితో ఫ్రేమ్‌ను తడుతున్నాను. పెట్టె గొట్టం బయట రంగు మెరుస్తున్నా లోపల నీళ్లు చేరి తుప్పు పడుతుంది. కంగుమనకుండా మొద్దుగా మోగిన చోట ఇనుము అయిపోయినట్టే. కమాన్‌పట్టీల మధ్య తుప్పు ఉబ్బి ఆకులు విడిపోయాయి. చక్రాన్ని పైకి లేపి తిప్పితే బేరింగు గరగరమంది. దూరం లాక్కొచ్చిన వేడి మీదే చక్రాలను నీళ్లలోకి దించితే హబ్ ఒక్కసారిగా చల్లబడి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది, గ్రీజు పాడవుతుంది. కాసేపు ఆరనిచ్చి దించే ఓపిక చాలామందికి ఉండదు. టైర్లకు గాట్లు బాగానే ఉన్నాయి గాని, పక్కలు పగిలాయి. ఏళ్లుగా కదలకుండా ఎండలో నిలబెట్టిన బండి అది. దిమ్మె ఒత్తిన చోట పడవ అడుగు కొద్దిగా లోపలికి సొట్టబోయింది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లేదు, అది నయం. తెరస్తంభం నిలిపే చోటు గట్టిగానే ఉంది.

పడవకు పెద్ద రోగమేమీ లేదు. బండికే, ఇరుసుతో సహా అన్నీ మార్చాలి. రోడ్డెక్కించాలంటే ట్రైలర్‌కు కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి గనక ఆర్‌సీ చూపించమన్నాను. పిలగాడు లేదన్నాడు. ట్రైలర్‌కు తుక్కు ధర మాత్రమే కట్టి బేరం మొదలుపెట్టమని, పడవకు డీసీఎం ఒకటి మాట్లాడుకొమ్మని మిత్రుడికి ఫోన్ చేశాను.