దారిలో ఆగిన ఇంజను

యంత్రములకు కలుగు రుగ్మతలు రెండు విధములు. ఒకటి వచ్చి నిలిచిపోవునది. రెండవది వచ్చి పోవుచుండునది. విరిగిన ఇరుసును ఎవరైనను చూడగలరు. కాని నాలుగు మైళ్లు చక్కగా నడచి, ఉన్నట్టుండి ఆగి, పావుగంటకు తనంత తానే మరల బయలుదేరు ఇంజను ఎంతటి పనివానినైనను తికమకపెట్టును. మిస్త్రీ వచ్చి చూచునప్పటికి అది నిక్షేపముగా నడచుచుండును. దినము విడిచి దినము వచ్చు చలిజ్వరము వంటిదిది. జ్వరము లేని పూట నాడి పట్టిన వైద్యునకు తెలియునదేమి? పాత మోటారు బండ్లను పీడించు ఈ జబ్బునకును, దానిని పసిగట్టిన విద్యకును ఒక చరిత్ర కలదు.

ఆ చరిత్రను కోరుట్ల బాటపై నిలిచి చూచుట యుక్తమని మేము తలంచితిమి. నిజామాబాదు నుండి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్లల మీదుగా జగిత్యాలకు పోవు మార్గమిది. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గము సంపూర్ణమైనది 2017లో. మోటారు వచ్చిన నాటినుండి అంతవరకును ఈ సీమవారికి రోడ్డే దిక్కు. ధర్మపురి యాత్రకైనను, కొండగట్టు మొక్కునకైనను, ఆసుపత్రికైనను, కచేరికైనను బస్సో, జీపో, లారీయో ఎక్కవలసినదే. కాబట్టి ‘బండి బందయినది’ అను మాట ఇచ్చట ఒక్క మిస్త్రీకి మాత్రమే సంబంధించినది కాదు. అది పెండ్లి ముహూర్తమునకు, ప్రసవవేదన పడుచున్న తల్లికి, సంతకు పోవు సరకునకు కూడ సంబంధించిన మాట.

హైదరాబాదు సంస్థానమున నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932 జూన్ 15న 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలి తరమునకు చెందినవి. ఈ శాఖ 1951 నవంబరు 1న రైల్వేనుండి వేరుపడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. తేదీలు ఇట్లు కాగితములపై నిలిచినవి గాని, నడిదారిలో బానెట్టు ఎత్తి తల దూర్చిన డ్రైవరు నేర్చిన విద్య ఏ కాగితముపైకిని ఎక్కలేదు.

ఆ విద్యకు మూలమైన సంగతి యొకటి కలదు. పెట్రోలు ఇంజను నడచుటకు ముఖ్యముగా రెండు కావలెను: సరియైన పాళ్లలో గాలితో కలిసిన పెట్రోలు, సరియైన క్షణమున పుట్టు నిప్పురవ్వ. ఈ రెండింటిలో ఏది తప్పినను ఇంజను ఆగును. పూర్వపు మిస్త్రీలు ‘పెట్రోలా, కరెంటా?’ అని మొదట అడుగుటలోని అర్థమిదియే.

పెట్రోలు కథను ముందు చూతము. తొలినాటి బండ్లలో పలువాటికి పంపు లేదు. టాంకీ ఎత్తున, కార్బొరేటరు దిగువన ఉండెడివి. పెట్రోలు తన బరువుచేతనే దిగుచుండెను. 1908లో వెలువడిన ఫోర్డు ‘టి’ మోడలు కారునకు టాంకీ సీటు క్రింద నుండుటచేత, పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు గట్టు ఎక్కబోయిన ధార తెగి ఇంజను ఆగెడిది. అందుచే దానిని వెనుకకు త్రిప్పి రివర్సు గేరులో గట్టు ఎక్కించెడివారు! తరువాత ఇంజను బలముతో పనిచేయు పొర పంపులు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము మన పల్లెబాటలకు అలవడిన విల్లీస్ జీపునకు ఇట్టి పంపు ఇంజను ప్రక్కనే బిగింపబడి యుండెను.

ఇంజను ప్రక్కన నుండుటచే దానికి వేడిమి తప్పదు. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీలకే ఆవిరియగుట మొదలిడును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతమున వేసవి ఎండ 45 డిగ్రీలను దాటుట కద్దు. అట్టి మధ్యాహ్నము కొంత దూరము నడిచి నిలిపిన బండిలో, పైపునందును పంపునందును పెట్రోలు ఆవిరి బుడగలై అడ్డుపడును. పంపు ఆవిరిని నొక్కునే గాని పెట్రోలును తోడలేదు. డ్రైవరు గోనెగుడ్డను నీట తడిపి పంపుపై కప్పును, కొంతసేపటికి ఆవిరి చల్లబడి ద్రవమగును, బండి కదలును. చూచువారికిది చిట్కా, నిజమునకిది భౌతికశాస్త్రము.

యుద్ధకాలము మరియొక పాఠము నేర్పెను. 1941లో పెట్రోలునకు రేషను విధింపబడగా తెలుగునాట బొగ్గు బస్సులు బయలుదేరినవి. బస్సు వెనుక ఇనుప పొయ్యిలో కట్టెబొగ్గు మండించి, చాలీచాలని గాలిని దానిగుండ పోనిచ్చిన, కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుట్టును. దానిని వడగట్టి ఇంజనులో మండింతురు. శక్తి పెట్రోలుతో వచ్చుదానిలో మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గును. తడిబొగ్గు పడినను, బూడిద కరగి చిట్టెముగా గడ్డకట్టినను, వడపోత మసితో పూడినను ఇంజను ఆగును. అన్నిటికంటె మాయదారిది మరియొకటి: పొయ్యిలో పైబొగ్గు కమానువలె బిగిసికొని నిలువగా, క్రింద నిప్పు తిని తిని గుల్లయగును. అప్పుడు క్లీనరు దిగి ఇనుప ఊచతో పొడిచెడివాడు. గతుకులో బస్సు ఎగిరిపడిన, ఆ కుదుపునకే బొగ్గు జారి, ఎవరును తాకకుండగనే జబ్బు నయమైనను ఆశ్చర్యము లేదు. ఆ వాయువు ప్రాణాంతకమైన విషమను సంగతియు మరువరాదు.

ఇక కరెంటు కథ. మన గ్యారేజీలలో నిప్పురవ్వను ప్లగ్గులకు పంచు పరికరమును ‘డెల్కో’ అందురు. ఇది ఒక అమెరికను కంపెనీ పేరు. బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో రవ్వ పుట్టించు పద్ధతిని ఆ కంపెనీ స్థాపకులలో ఒకడైన చార్లెస్ కెటరింగు 1910 ప్రాంతమున కాడిలాక్ కార్లకు అమర్చెను. కంపెనీ పేరే మన మిస్త్రీల నోట వస్తువు పేరైనది. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారులో కూడ బహుకాలము ఈ పద్ధతియే నడచినది. దాని పాయింట్ల నడుమ ఎడము అంగుళములో వేయింటికి సుమారు 15 పాళ్లు మాత్రమే. అరిగినను, మాడినను ఇంజను తడబడును, ‘మిస్సింగు’ వచ్చినదందురు.

అయితే పాయింట్లు కంటికి కనబడును. కనబడనివి మూడు. కాయిలు లోపలి తీగ చల్లగా నున్నప్పుడు అంటుకొని యుండి, వేడెక్కి సాగినప్పుడు విడిపోవచ్చును. చల్లారిన పిదప మరల కలియును. కండెన్సరును అట్లే వేడికి చెడి, చలువకు బాగుపడినట్లు నటించును. మూడవది డెల్కో లోపలి సన్నని తీగ. వేగమును బట్టి పాయింట్ల పళ్లెము ఇటునటు కదలునప్పుడెల్ల ఆ తీగ వంగుచుండును. ఏండ్లు గడచిన పిమ్మట పైతొడుగు చెక్కు చెదరకుండగనే లోపల పుటుక్కున తెగును. ఒక భంగిమలో అంటును, మరియొక భంగిమలో విడును.

ఇన్ని అనుమానముల నడుమ దోషిని పట్టుట యెట్లు? అనుభవజ్ఞులు కనిపెట్టిన క్రమము సులభమైనది. మొదట, ఇంజను ఏ విధముగా ఆగినదో గమనింపవలెను. దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగిన, కరెంటును శంకింపవలెను. దగ్గి, కుదిపి, బలము క్షీణించి ఆగిన, పెట్రోలును శంకింపవలెను. రెండవది, ఆగిన చోటనే చూడవలెను గాని, మరల నడచిన తరువాత కాదు. కార్బొరేటరునకు పెట్రోలు అందుచున్నదా, ప్లగ్గు వద్ద రవ్వ వచ్చుచున్నదా అను రెండు పరీక్షలు అప్పుడే జరుగవలెను. రవ్వ చూచు చోట పెట్రోలు తడి ఉండరాదు. మూడవది, వేడిలోనా, చలువలోనా, గతుకులలోనా, ఎన్ని మైళ్లకు ఒకమారు ఆగుచున్నదను లెక్క వ్రాసికొనవలెను.

ఈ లెక్కయే ఒక్కొక్కప్పుడు తాళపుచెవి యగును. ప్రతిసారియు ఇంచుమించు అంతే దూరము నడచి ఆగు బండికి, పంపును మార్చుటకు ముందు, టాంకీ మూతను విప్పి చూడవలెను. మూతకుగల సన్నని రంధ్రము దుమ్ముతో పూడినచో, తోడిన పెట్రోలు స్థానమున గాలి చేరదు. లోపల శూన్యము పెరిగి ధార నిలుచును. మూత విప్పగనే ‘సుయ్’మను చప్పుడు, వెంటనే బండికి ప్రాణము! టాంకీ అడుగున తుప్పు ఉన్నను ఇట్టిదే వింత. నడచునప్పుడు రేకులు పోయి గొట్టపు మూతిని మూయును. ఆగిన పిమ్మట విడిపోయి అడుగున పడును.

1950ల నుండి మన బాటలపై డీజిలు బస్సులు, లారీలు పెరిగినవి. వానికి ప్లగ్గు లేదు, డెల్కో లేదు. సగము అనుమానములు తొలగినవి. కాని పైపునందు ఎక్కడనో వెంట్రుకవాసి సందు ఏర్పడిన గాలి చొచ్చి ఇంజను ఆగును. దానిని ‘ఎయిర్ లాక్’ అందురు. చేతిపంపు కొట్టి బుడగలు పోవువరకు డీజిలు వదలిన బండి నడచును. కాని సందు మూయనిచో మరునాడు మరల అదే కథ.

నేటి క్రొత్త బండ్లలో కంప్యూటరు తన దోషమును తానే నమోదు చేసికొనును. పాత అంబాసిడరులకు, జీపులకు ఆ సౌకర్యము లేదు. వానికి నోరు మిస్త్రీయే. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును. పాతకాలపు రబ్బరు గొట్టములను, పంపు పొరలను మెత్తబరచి పాడుచేయవచ్చును. టాంకీ గోడల మడ్డిని కదలించును. కావున పాత బండి గలవారు గొట్టములను ఇథనాలును తట్టుకొను రకమునకు మార్చి, వడపోతను తరచు చూచుచుండుట మేలు.

ఆగిన ప్రతిసారియు ఒక క్రొత్త సామాను కొని తగిలించుట వైద్యము కాదు. అది చీకటిలో రాయి విసరుట. డబ్బు పోవును, జబ్బు నిలుచును. ముందు చూచి, పిదప విచారించి, చివర చేయి పెట్టుట పూర్వపు మిస్త్రీల పద్ధతి. ఆ తరమువారు వృద్ధులగుచున్నారు. వారి విద్య పుస్తకములలో దొరకునది కాదు. పాత బండి ఇంకను నడచు ఇండ్లలోని యువకులు, ఈసారి అది ఆగినప్పుడు, మిస్త్రీ ప్రక్కన నిలిచి ఏమి చూచుచున్నాడో, ఏ వరుసన చూచుచున్నాడో గమనించి వ్రాసికొందురు గాక.