పోర్షే 911 ఇంజన్: మెగ్నీషియం దాకా వెళ్లి వెనక్కి

ఇవాళ పోర్షే 911 ఇంజన్‌లో ఒక్క భాగం గురించే మాట్లాడతాను: క్రాంక్‌కేస్. క్రాంక్‌షాఫ్ట్ తిరిగే పెట్టె అన్నమాట. సిలిండర్లను బిగించే స్టడ్లు కూడా దీన్లోకే దిగుతాయి.

1964లో ఉత్పత్తి మొదలైనప్పుడు ఇంజన్ 2 లీటర్లు, 130 హార్స్‌పవర్. గాలితో చల్లబడేది. క్రాంక్‌కేస్ అల్యూమినియం. ఈ కారులో ఇంజన్ వెనక చక్రాలకి ఇంకా వెనక ఉంటుంది. అక్కడ తగ్గే ప్రతి కిలో లెక్కే. అందుకని 1968లో మెగ్నీషియంకి మారారు. అప్పటికి అది సరైన నిర్ణయమే అంటాను నేను.

తర్వాత ఏమైందంటే, ఇంజన్ పెరుగుతూ పోయింది. 1974 మోడల్‌కి మామూలు 911కి కూడా 2.7 లీటర్లు. సిలిండర్ వ్యాసం 80 మిల్లీమీటర్ల నుంచి 90కి చేరింది. వేడి పెరిగింది, పెట్టె లోహం మాత్రం అదే. అమెరికాకి పంపిన కొన్ని కార్లలో పొగ నిబంధనల కోసం పెట్టిన థర్మల్ రియాక్టర్లు ఇంకా వేడెక్కించాయి. మెత్తని మెగ్నీషియంలోంచి స్టడ్లు మరలతో సహా ఊడి రావడం మొదలైంది.

1978 మోడల్ 911 ఎస్‌సీకి 3 లీటర్ల ఇంజన్, మళ్లీ అల్యూమినియం పెట్టె. బరువు పెరిగినా సరేననుకున్నారు. ఆ ఇంజన్ గట్టిదని పేరు తెచ్చుకుంది. కొత్త వెర్షన్ అంటే ముందుకే పోవాలని లేదు, చూశారుగా.

1997లో ఇదే 911 నీళ్లతో చల్లబడే ఇంజన్‌కి మారింది. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.