ఇంటిచదువులో పరభాషలు

అమెరికాలో ఉంటున్న మా మేనకోడలు తన పిల్లలిద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. మొన్న ఫోనులో ఒక జాబితా చదివి వినిపించింది: స్పానిష్, ఫ్రెంచి, చైనీస్, లాటిన్, సంస్కృతం. "వీటిలో రెండు ఎంచుకోవాలి మావయ్యా, ఏవి చెప్పించమంటావు?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. భాషాబోధన నా వృత్తి కాదు. అయితే ఈ ప్రశ్న కొత్తది కాదు. పూర్వం కొందరు తండ్రులు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పించి, ఏ భాషలు నేర్పాలో తామే నిర్ణయించారు. ఆ చదువు చివరికి ఏమైందో చరిత్రలో నిలిచి ఉంది. వారం రోజులుగా ఆ కథలనే నెమరు వేసుకుంటున్నాను.

మొదటి కథ పదహారవ శతాబ్దపు ఫ్రాన్సుది. వ్యాసప్రక్రియకు ఆద్యుడని చెప్పుకునే మోంతేన్ 1533లో బోర్డో నగర ప్రాంతంలో పుట్టాడు. ఆనాటి ఐరోపాలో చదువంటే లాటిన్. న్యాయశాస్త్రమూ వైద్యమూ మతశాస్త్రమూ అన్నీ అందులోనే. పిల్లలు ఆ భాష కోసం ఏళ్ళ తరబడి వ్యాకరణంతో కుస్తీ పట్టడం చూసి, మోంతేన్ తండ్రి వేరొక ఉపాయం పన్నాడు. కొడుక్కి మాటలు రాకముందే ఒక జర్మన్ పండితుణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టాడు. ఆయనకు లాటిన్ క్షుణ్ణంగా వచ్చు, ఫ్రెంచి బొత్తిగా రాదు. ఆ రాకపోవడమే ఇక్కడ అర్హత! తల్లి, తండ్రి, నౌకర్లు, దాసీలు, పిల్లవాడి దగ్గర ఎవరైనా సరే తమకు వచ్చిన నాలుగు లాటిన్ ముక్కలతోనే మాట్లాడాలి. ఇరుగుపొరుగు గ్రామాలలో పనిముట్లకు సైతం లాటిన్ పేర్లు వాడుకలోకి వచ్చాయని మోంతేన్ వ్రాసుకున్నాడు. ఆరేళ్ళు దాటేవరకు ఆయనకు ఫ్రెంచి తెలియదు.

తరువాత తండ్రి ఆయనను బోర్డోలోని కళాశాలకు పంపాడు. అక్కడ ఆయన లాటిన్‌ చూసి గురువులే జంకారట. కానీ ఇంట్లో ఉన్నట్టు ఆ భాషలో బతికే మనుషులు అక్కడ లేరు. వాడుక తప్పి ఆయన లాటిన్ క్రమంగా పాడైపోయింది. 1580లో వెలువడిన వ్యాసాలను ఆయన ఫ్రెంచిలోనే వ్రాశాడు. అయినా ఆ భాష పూర్తిగా ఆయనను వదలలేదు. మాట్లాడే అలవాటు తప్పినా, ఒకనాడు తండ్రి స్పృహ తప్పి తనమీదికి ఒరిగినప్పుడు నోట వచ్చిన తొలిపలుకు లాటినేనని చెప్పుకున్నాడు. గ్రీకు సంగతి వేరు. దానిని ఆటలా నేర్పించబోయారు గాని, అది ఆయనకు పట్టుబడలేదు. ఒకే తండ్రి, ఒకే కొడుకు. ఇల్లంతా మాట్లాడిన భాష నెత్తుటిలో నిలిచింది. పాఠంగా వచ్చినది పాఠంగానే పోయింది.

రెండవ కథ లండన్‌ది. 1806లో పుట్టిన జాన్ స్టూవర్ట్ మిల్‌కు తండ్రి జేమ్స్ మిల్ మూడవయేటనే గ్రీకు మొదలుపెట్టించాడు. చీటీలమీద గ్రీకు పదాలు, వాటి ఇంగ్లీషు అర్థాలు వ్రాసి బట్టీ పట్టించేవాడు. ఎనిమిదవయేట లాటిన్. నేర్చుకున్న లాటిన్‌ను వెంటనే చెల్లెలికి నేర్పే బాధ్యత కూడా ఆ పిల్లవాడిదే. తండ్రి తన పుస్తకం వ్రాసుకుంటున్న బల్ల దగ్గరే కొడుకు కూర్చునేవాడు. గ్రీకుకు ఇంగ్లీషు అర్థాలిచ్చే నిఘంటువు ఆనాడు లేదు. తెలియని ప్రతి మాటకూ తండ్రినే అడగాలి. ఓపిక తక్కువైన ఆ మనిషి పని ఆపి చెప్పేవాడు.

ఆ బల్లమీద తయారవుతున్న పుస్తకం భారతదేశ చరిత్ర! మూడేళ్ళ పసివాడికి గ్రీకు అవసరమని నిశ్చయించుకున్న ఆ పండితుడికి, తాను చరిత్ర వ్రాస్తున్న దేశపు భాష ఒక్కటీ రాదు. ఈ దేశాన్ని చూడనూ లేదు. అవి తన పనికి అవసరం లేదని పీఠికలో వాదించాడు కూడా. ఏ భాష నేర్వదగినది, ఏది కాదు అన్న నిర్ణయంలో ఉపయోగం ఎంత, గౌరవం ఎంత అన్నది ఇక్కడ కనబడుతుంది. మనం పిల్లలకోసం వ్రాసే జాబితాలలోనూ ఈ లెక్క దాగి ఉంటుందేమో!

ఇక మిల్ సంగతి. 1820లో పద్నాలుగేళ్ళ వయసులో ఆయన ఫ్రాన్సుకు వెళ్ళి, బెంథామ్ సోదరుడి కుటుంబంతో సుమారు ఏడాది గడిపాడు. అక్కడ మనుషుల మధ్య ఫ్రెంచి నేర్చుకున్నాడు. ఇంట్లో దొరకని స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకునే వాతావరణం అక్కడ దొరికిందని స్వీయచరిత్రలో వ్రాశాడు. తరువాత కోంత్‌తో, తోక్‌విల్‌తో స్నేహాలకు ఆ భాషే దారి వేసింది. 1873లో ఆయన కన్నుమూసింది కూడా ఫ్రాన్సులోని అవిన్యోఁ పట్టణంలోనే. గ్రీకు ఆయనకు పాండిత్యాన్నిచ్చింది. ఫ్రెంచి మనుషులనిచ్చింది.

మూడవ కథ కలకత్తాది. తోరూ దత్ 1856లో పుట్టింది. అక్కాచెల్లెళ్ళు అరూ, తోరూలకు చదువు ప్రధానంగా ఇంట్లోనే. 1869లో తండ్రి కుటుంబాన్ని ఐరోపాకు తీసుకువెళ్ళాడు. దక్షిణ ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో కొన్నినెలలు పిల్లలు బడికి వెళ్ళారు. తరువాత ఇంగ్లండులో ఉండి 1873లో స్వదేశం చేరారు. మరుసటి ఏడాదే అరూ క్షయతో మరణించింది. అక్కతో కలిసి మొదలుపెట్టిన ఫ్రెంచి కవితల అనువాదాలను చెల్లెలు కొనసాగించి 1876లో అచ్చువేసింది. అందులో అరూ చేసినవీ ఉన్నాయి. ఇద్దరూ కలిసి నేర్చుకున్న భాష, ఒకరు పోయాక రెండవవారికి తోడుగా నిలిచింది.

ఆ తరువాత తోరూ సంస్కృతంవైపు తిరిగింది. కూతురితోపాటు తండ్రీ విద్యార్థి అయ్యాడు. సావిత్రి, ధ్రువుడు, ప్రహ్లాదుడు ఆమె ఇంగ్లీషు కావ్యాలలోకి వచ్చిన దారి అదే. 1877లో ఇరవయ్యొక్క ఏళ్ళకే ఆమె కూడా పోయింది. ఫ్రెంచిలో వ్రాసిన నవల 1879లోనూ, భారతీయ గాథల సంపుటి 1882లోనూ వెలువడ్డాయి. తండ్రి చూపించిన దారి ఫ్రెంచిది. సంస్కృతంలో మాత్రం తండ్రీకూతుళ్ళు కలిసి నడిచారు.

మన భాషకు సంబంధించిన ఒక్క ముక్క కూడా చెప్పుకోవాలి. జేమ్స్ మిల్ భారతదేశ చరిత్ర వెలువడిన 1817లోనే, బహుభాషావేత్త అయిన ఒక మతాచార్యుడి కొడుకు మద్రాసులో ఓడ దిగాడు. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు ఆయనకు ఉద్యోగధర్మంగా ఎదురైంది. వెలగపూడి కోదండరామ పంతులు ఓనమాలు దిద్దించారు. 1829లో వేమన పద్యాలు, ఆపైన వ్యాకరణం, నిఘంటువులు వచ్చాయి. ఏ భాష వల్ల కొడుకు పేరు నిలుస్తుందో ఏ తండ్రీ ముందుగా ఊహించలేడు.

కనుక మా మేనకోడలికి ఇలా చెప్పదలిచాను. ప్రపంచంలో ఏ భాషకు విలువ ఎక్కువ అని చూడకు. పిల్లలు ఆ భాషను ఎవరితో మాట్లాడతారో ముందు చూడు. మీ వీధిలో స్పానిష్ మాట్లాడే కుటుంబముంది, వాళ్ళ పిల్లలతో మీవాళ్ళు రోజూ ఆడుకుంటారు. కాబట్టి మొదటిది స్పానిష్. రెండవ గడి ఖాళీగా ఉంచు. పన్నెండేళ్ళు వచ్చాక వాళ్ళే నింపుకుంటారు. అప్పుడు నువ్వూ పక్కన కూర్చుని నేర్చుకో.

చెప్పవలసినది ఇంకొకటి ఉంది. జాబితాలో తెలుగు లేదేమని నేను అడగలేదు. అడిగితే "అది ఇంట్లో ఉన్నదే కదా" అంటుంది. కానీ ఆదివారాలు మా అక్కయ్య వీడియోలో పలకరిస్తే పెద్దవాడు తల్లివైపు చూస్తాడు, అమ్మమ్మ ఏమంటోందో చెప్పమని. తల్లి ఇంగ్లీషులో చెబుతుంది. వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఆమె దానిని మళ్ళీ తెలుగు చేసి తన తల్లికి వినిపిస్తుంది. మా అక్కయ్యకు డెబ్బై ఆరేళ్ళు. ఆ పిల్లవాడికి తెలుగు ఇప్పటికే పరభాష అయిపోయింది. మోంతేన్ తండ్రి పరాయి భాషను ఇంటిభాషగా మార్చడానికి ఊరంతటినీ కదిలించాడు. మనమో, ఏ ప్రయత్నమూ లేకుండానే ఇంటిభాషను పరాయిదానిని చేసుకున్నాం.

ఈ చివరి మాట ఆమెకు ఎలా చెప్పాలో తోచడం లేదు. నొచ్చుకుంటుందేమోనని సంకోచం. అయినా ఈ ఆదివారం చెబుతాను. ఇటువంటి సందర్భం మీకూ ఎదురై ఉంటే, మీరేం చేశారో వ్రాయండి.