సెంట్ ఆండ్రూస్ ఊరి పాత ఫోటోలు

స్కాట్లండు దేశపు తూర్పు తీరమున, ఫైఫ్ అను ప్రాంతములో, సెంట్ ఆండ్రూస్ అను చిన్న ఊరున్నది. గోల్ఫ్ ఆట అనగానే లోకమునకు ఆ ఊరే గుర్తు వచ్చును. సంఘచరిత్ర చదివినవారికి వేరు సంగతులు జ్ఞాపకమునకు వచ్చును. 1318లో రాబర్ట్ బ్రూస్ రాజు సమక్షమున ప్రతిష్ఠింపబడి, 1559లో మతసంస్కరణ అల్లరి తరువాత పాడుపడిన పెద్ద కథీడ్రలు అక్కడిదే. 1528లో పాట్రిక్ హామిల్టనును, 1546లో జార్జి విషార్టును కాల్చినది అక్కడనే. నేను థియలాజికల్ కాలేజీలో ఈ తేదీలన్నియు కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మంచి మార్కులే తెచ్చుకొంటిని. కాని ఆ ఊరిలో చేపలు పట్టుకొని బ్రదికినవారు కూడ ఉండిరని ఒక్కనాడును తలంచలేదు. ఆ సంగతి నాకు తెలిపినవి పుస్తకములు కావు, పాత ఫోటోలు.

ఫోటో అనునది లోకమునకు కొత్తగా వచ్చిన దినములలోనే ఈ ఊరు దానిని చేపట్టెను. అప్పటి అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు సర్ డేవిడ్ బ్రూస్టర్ గొప్ప శాస్త్రజ్ఞుడు. ఇంగ్లండులో టాల్బట్ అను ఆయన 1841లో కాలోటైపు అను పద్ధతికి పేటెంటు పొందెను. వెండి లవణములు పూసిన కాగితము మీద వెలుగుచేత బొమ్మ పడునట్లు చేసి, దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. బ్రూస్టరు ఆయనకు స్నేహితుడు. టాల్బట్ పేటెంటు స్కాట్లండుకు వర్తింపలేదు గనుక, అక్కడ ఎవరైనను రుసుము లేకుండ దానిని వాడుకొనవచ్చును. ఊరి వైద్యుడు డాక్టర్ జాన్ ఆడంసన్ పట్టుబట్టి దానిని సాధించి, తన తమ్ముడు రాబర్టుకు నేర్పెను. రాబర్టు రైతు కుటుంబపు పిల్లవాడు. 1821లో పుట్టెను. ఇంజనీరు కావలెనని ఆశ గాని, శరీరము బలహీనము. అందుచేత అన్న అతనికి ఈ పని చూపెను.

ఇక్కడ మన సంఘచరిత్ర వచ్చి కలియును. 1843 మే 18న ఎడింబరోలో స్కాట్లండు సంఘపు జనరల్ అసెంబ్లీ నుండి కాపరులు లేచి బయటకు నడిచిరి. సంఘము కోరని కాపరిని భూస్వామి వారి మీద నియమించుట తగదని వారి పట్టుదల. ఐదు దినముల తరువాత విడిపోవు పత్రము మీద సంతకములు చేసిరి. 450 మందికి పైగా కాపరులు జీతమును, కాపురమున్న ఇంటిని విడిచిపెట్టిరి. మన పాస్టరేటులలో ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్డరుకే ఎంత గొడవ జరుగునో ఎరిగినవారికి ఇది ఎంత పెద్ద సంగతియో నేను చెప్పనక్కరలేదు. వారికి నాయకుడు డాక్టర్ థామస్ చాల్మర్స్. ఆయన 1823 నుండి 1828 వరకు సెంట్ ఆండ్రూస్‌లోనే అధ్యాపకుడు. కలకత్తాకు 1830లో వచ్చిన అలెగ్జాండర్ డఫ్ దొరగారు అక్కడ ఆయన శిష్యుడే.

ఆ దినమును పటముగా చిత్రింపవలెనని డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారునికి కోరిక కలిగెను. అయితే ముఖములు వందలు. కాపరులు ఎవరి ఊరికి వారు వెళ్లిపోవుచుండిరి. ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి గీయుటకు కాలమెక్కడిది? అప్పుడు బ్రూస్టరు ఆయనను యౌవనస్థుడైన రాబర్ట్ ఆడంసన్ యొద్దకు పంపెను. ఇద్దరును కలసి నాలుగున్నర సంవత్సరములలో సుమారు 3,000 ఫోటోలు తీసిరి. చిత్రపటము మాత్రము ముగియుటకు 23 ఏండ్లు పట్టెను. 1866లో ముగిసిన ఆ పటములో 457 ముఖములున్నవి. కెమేరా యొద్ద నిలిచియున్న ఆడంసన్ కూడ అందులో ఉన్నాడు గాని, దానిని చూచుటకు బ్రదికి లేడు. 1848 జనవరిలో, 26 ఏండ్ల వయస్సులో, తన ఊరికి తిరిగివచ్చి అక్కడనే కన్నుమూసెను.

కాపరుల కొరకు మొదలైన పని కాపరులతో ఆగలేదు. వీరిద్దరును కెమేరా తీసికొని సెంట్ ఆండ్రూస్‌లో నార్త్ స్ట్రీట్ తూర్పు కొసకు, అనగా బెస్తవారి పేటకు వెళ్లిరి. అక్కడ తీసిన ఒక ఫోటో నేను ఎన్నిసార్లు చూచితినో లెక్కలేదు. రాతి ఇండ్ల ముందు, వీధిలోనే, స్త్రీలును పిల్లలును గుంపుగా కూర్చున్నారు. మగవారు సముద్రము మీదికి వెళ్లుటకు ముందు, వందలకొలది గాలములున్న పొడవైన తాళ్లకు ఒక్కొక్క గాలమునకు ఆల్చిప్ప మాంసము గుచ్చి సిద్ధపరచుట ఆడవారి పని. పిల్లలు చిప్పలు ఒలిచి ఇయ్యవలెను. చలిలో, తడిచేతులతో, దినదినము అదే పని. బాపట్ల, మచిలీపట్నము తీరపు సంఘములలో పని చేసినవారికి ఇది పరాయి దృశ్యము కాదు. ఆ కాలపు కెమేరాకు కదలకుండ చాలసేపు ఉండవలెను. కొందరు చిన్నపిల్లలు ఉండలేకపోయిరి కాబోలు, వారి ముఖములు మసకగా పడినవి.

ఆ ఫోటో పేరులో వీధి పేరున్నది గాని మనుష్యుల పేర్లు లేవు. చిత్రపటములోని కాపరులను పేరుపేరునా గుర్తింపవచ్చును. ఈ తల్లులను గుర్తింపలేము. ఎడింబరో దగ్గర న్యూహేవెన్ అను బెస్తపల్లెలో కొంత మేలు జరిగెను. అక్కడ ఎలిజబెత్ హాల్ అను చేపలమ్ము స్త్రీ పేరు, జేమ్స్ లింటన్ అను బెస్తవాని పేరు ఫోటోతో కూడ నిలిచినవి. అక్కడి కాపరి ఫెయిర్‌బెయిర్న్‌గారు చేపలమ్ము స్త్రీల మధ్య కూర్చున్న ఫోటో ఒకటి కూడ ఉన్నది.

ఈ ఊరికిని మనకును ఇంకొక సంబంధమున్నది. అక్కడి పెద్ద పాఠశాల పేరు మద్రాసు కాలేజి! స్కాట్లండు తీరమున మద్రాసు ఏమిటని నేనును ఆశ్చర్యపడితిని. ఆ ఊరి మంగలి కుమారుడు ఆండ్రూ బెల్ గురువుగా మద్రాసు వచ్చి, 1789 నుండి 1796 వరకు ఎగ్మోరులోని మగపిల్లల అనాథశాలను నడిపెను. మలబారు పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించెను. దానికి మద్రాసు పద్ధతి అను పేరు వచ్చెను. 1832లో ఆయన చనిపోవుచు విడిచిన ధనముతో ఆ బడి మరుసటి యేట తెరువబడెను. 2021లో కొత్త భవనమునకు మారినను పేరు మాత్రము మారలేదు. బెల్ గారి పేరు పుస్తకములలో ఉన్నది. ఇసుకలో వ్రాసిన ఆ పిల్లల పేర్లు ఎక్కడ ఉన్నవి?

ఇంతగా ఈ పేర్ల సంగతి పట్టుకొనుటకు కారణము మా ఇంట ఉన్నది. నాయనమ్మ బైబిలు స్త్రీగా పని చేసిన దినములలో తీసిన గుంపు ఫోటో అది. వెనుక ఇద్దరు దొరసానమ్మల పేర్లు ఇంకుతో చక్కగా వ్రాసియున్నవి. దాని క్రింద “బైబిలు స్త్రీలు, పదకొండుగురు” అని మాత్రమే ఉన్నది. మా అమ్మ ఒక క్రిస్మసు సెలవులలో అత్తగారిని చూపి, ఆమె గాక ఇంకను నలుగురిని గుర్తుపట్టి, వారి పేర్లు, వారు ఏ పల్లెలలో కాపురముండిరో కూడ చెప్పినది. తరువాత వ్రాసికొందును అంటిని. పండుగ ఆరాధనలు, పాస్టరేటు లెక్కలు అడ్డు వచ్చినవి. అమ్మ ప్రభువునందు నిద్రించి ఆరేండ్లయినది. ఆ నలుగురిలో ఇద్దరి పేర్లే నాకు గుర్తున్నవి. వ్రాసినవారి తప్పు ఎంతైనను ఉండనిండు, నా తప్పు దానికంటె చిన్నది కాదు.

సెంట్ ఆండ్రూస్‌లో ఈ పని ఆగలేదు. డాక్టర్ ఆడంసన్ యొద్ద నేర్చుకొన్న థామస్ రాడ్జర్ 1849లో అక్కడ స్టూడియో పెట్టి, 1866లో ఫోటోలు తీయుటకే ప్రత్యేకముగా ఇల్లు కట్టించి, ఊరివారిని తన జీవితకాలమంతయు ఫోటోలు తీసెను. విశ్వవిద్యాలయ గ్రంథాలయములో నేడు లక్షలకొలది ఫోటోలున్నవి. వాటిలో అనేకము ఇంట కూర్చుండి కంప్యూటరులో చూడవచ్చును. నార్త్ స్ట్రీట్‌లోనే ఒక పాత ఇంటిలో ఊరి మ్యూజియము కూడ ఉన్నది.

ఈ సావనీరు కొరకు కమిటీవారు పాత ఫోటోలు అడిగినప్పుడు మా సంఘములో నాలుగు ట్రంకుపెట్టెలు తెరువబడినవి. ఇంకను తెరువవలసినవి ఎన్నో ఉన్నవి. ఇచ్చువారికి ఒక మాట. వెనుక బాల్‌పెన్నుతో వ్రాయకండి, ఒత్తు ముందువైపు ముఖముల మీద తేలును. మెత్తని పెన్సిలు చాలును. ఎడమనుండి కుడికి, నిలుచున్నవారు మొదట, కూర్చున్నవారు తరువాత. నేల మీద కూర్చున్న పిల్లలను కూడ వ్రాయుడి.