కొండపై కాపలా: అమెరికా పర్వత ప్రాంత నాటకాల్లో స్వలింగ ప్రేమ

యానీ ప్రూ కథ ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ 1997లో ‘న్యూయార్కర్’ పత్రికలో వచ్చింది. 1963 వేసవిలో వయోమింగ్ కొండల్లో గొర్రెలు కాయడానికి కుదిరిన ఎన్నిస్, జాక్‌లకు అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. కొండ స్వేచ్ఛ, ఊరు చెర అన్నది ఈ కథకు అలవాటైన వ్యాఖ్యానం. నాకది పూర్తిగా ఒప్పుదల కాదు. కొండ మీద కూడా వాళ్లను పనిలో పెట్టినవాడు బైనాక్యులర్స్‌తో కనిపెడుతూనే ఉంటాడు. పైగా మగవాడితో కాపురం చేసిన ఒకతణ్ణి చంపి పడేస్తే, ఆ శవాన్ని తొమ్మిదేళ్ల ఎన్నిస్‌కు తండ్రే చూపించాడు. కొండెక్కేనాటికే ఊరు అతని లోపల ఉంది.

2023లో లండన్‌లోని సోహోప్లేస్ థియేటర్‌లో ప్రదర్శించిన, ఈ కథకు యాష్లీ రాబిన్సన్ చేసిన నాటకరూపం ఈ కాపలా చూపును బాగా పట్టుకుంది. ఆంగ్ లీ సినిమాలో (2005) మాదిరి శిఖరాలు చూపే వీలు వేదిక మీద లేదు. దర్శకుడు జొనాథన్ బటరెల్ ఆ పని డాన్ గిలెస్పీ సెల్స్ పాటలకు అప్పగించాడు. వయసుడిగిన ఎన్నిస్ వేదిక మీదే ఉండి తన యౌవనాన్ని చూస్తుంటాడు. చుట్టూ నాలుగు వైపులా ప్రేక్షకులు. ఆ యువకులకు చాటు అన్నదే లేదు! అయితే పాటలు అక్కడక్కడా మాటల మధ్య మౌనాన్ని మింగేశాయి. ఎన్నిస్ లాంటి ముభావికి అది నష్టమే.

కథ వచ్చిన మరుసటి ఏడాదే వయోమింగ్‌లోని లారమీలో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల విద్యార్థి హత్యకు గురయ్యాడు. ఆ ఊరివాళ్లతో జరిపిన ఇంటర్వ్యూలే ‘లారమీ ప్రాజెక్ట్’ (2000) నాటకమయ్యాయి. ఇక్కడ ప్రేమకథ లేదు, ఊరి వాంగ్మూలం ఉంది.

శామ్యూల్ డి. హంటర్ నాటకం ‘లిటిల్ బేర్ రిడ్జ్ రోడ్’ (షికాగో, 2024) దగ్గరికి వచ్చేసరికి అడ్డంకి చోటు మారింది. స్వలింగ వివాహం 2015 నాటికే దేశమంతటా చట్టబద్ధం. ఐడహోలో కోవిడ్ కాలం. తండ్రి పోయాక ఈథన్ తిరిగొస్తాడు. నర్సుగా పనిచేసే మేనత్త సారా కటువు మనిషే కానీ, అతను ఎవరిని ప్రేమిస్తాడన్నది ఆమెకు గొడవ కాదు. వేదిక మీద ఒక సోఫా, ముందు టీవీ. ఖగోళశాస్త్రం చదివే జేమ్స్ ప్రేమను ఈథన్ అందుకోలేకపోవడానికి కారణం మత్తుకు బానిసైన తండ్రి మిగిల్చిన గాయం, చేతిలో డబ్బు లేకపోవడం, తన మీద తనకే నమ్మకం లేకపోవడం.

భయం పోయిందని కాదు. ఇద్దరు యువకులు ప్రేమలో ‘పడటం’ నిజంగానే నేల మీద పడటంగా చూపే చిన్న సన్నివేశం ఉన్నందుకు, 2014లో ఉత్తర కరొలైనాలోని ఒక హైస్కూల్ ‘ఆల్మోస్ట్, మెయిన్’ నాటక ప్రదర్శనను రద్దు చేసింది. విద్యార్థులు బయట వేదిక చూసుకుని ఆడారు.

ఈ నాటకాల్లో హంటర్‌దే ముందడుగు. హంతకుడి అవసరం లేకుండానే అతను విషాదాన్ని నిలబెట్టాడు.