రోగి దారియు వైద్యుని దారియు

వంశధార సముద్రమున గలియు చోటనున్న కళింగపట్టణము ఒకప్పుడు పేరుపొందిన ఓడరేవు. 1936కు పూర్వ మీ ప్రాంతము చెన్నరాజధానిలోని గంజాము జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లాకు మొదట ముఖ్యస్థానమైన గంజాము పట్టణమున 1815లో జ్వరము చెలరేగగా దొరలు తమ కచేరీలను వేరొకచోటికి తరలించుకొనిపోయిరి. అధికారికి కదలుట సాధ్యము. పొలమును, వలను, పడవను విడిచి పల్లెవాడెక్కడికి పోగలడు? రోగి వైద్యునికడకు పోవలయునా, వైద్యుడు రోగికడకు రావలయునా యను ప్రశ్న నాటినుండి నేటివరకు మనలను వెంటాడుచునేయున్నది.

1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. అది గొప్ప మేలే. కాని కళింగపట్టణమునుండి అచటికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఈ చిక్కును గుర్తించియే కాబోలు, పానగల్లు రాజావారు ప్రధానమంత్రిగా నున్న మద్రాసు ప్రభుత్వము 1924లో పల్లెలయందు నివసించి చికిత్సచేయు వైద్యులకు ధనసహాయ మొసగు పద్ధతిని నెలకొల్పెను. వైద్యుని పల్లెకు రప్పింప జూచిన తొలి ప్రయత్నములలో ఇదియొకటి. 1943లో నియమింపబడిన భోరు సంఘమువారు 1946లో తమ నివేదిక సమర్పించుచు, సొమ్ము లేనికారణమున ఎవ్వరికిని వైద్యము దొరకకపోరాదనియు, ప్రతి నలుబదివేల జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్ర ముండవలయుననియు చెప్పిరి. 1952నుండి అట్టి కేంద్రములు దేశమున వెలయసాగెను.

అయినను చికిత్సాలయము ఊరిలో నుండుట మాత్రమే చాలదని కళింగపట్టణమునకు ఈశాన్యమున, తీరము వెంటనున్న ఉద్దానము మనకు తెలుపుచున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నులపండువుగా నుండు ఈ సీమలో, కవిటి, సోంపేట, పలాస మున్నగు తావులందు, మూత్రపిండముల వ్యాధి 1990 తరువాతి దశాబ్దమున బయటపడెను. కూలిచేసి బ్రదుకువారే దీనికి ఎక్కువగా చిక్కిరి. ఎండవేడిమి, భూగర్భజలము, నొప్పిమాత్రలు మొదలగువాని ననేకులు శంకించిరి గాని మూలకారణ మింకను నిశ్చయముగా తేలలేదు.

ఈ వ్యాధి మాటుననుండి కాటువేయు పామువంటిది. తొలిదశలో నొప్పి లేదు, జ్వరము లేదు. బాధ తోచి రోగి ఆసుపత్రికి పోవునప్పటికి మూత్రపిండములు చాలవరకు చెడియుండును. పిమ్మట సాధారణముగా వారమునకు మూడుమారులు, మారునకు సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ యంత్రముకడ గడపవలయును. రోగితోబాటు తోడుపోవువారి కూలియు పోవును. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. చికిత్సవ్యయ మందుచే కొంత తగ్గెను. 2023 డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమయ్యెను. రోగి దారి కొంత కురుచయైనది, సంతోషము.

కాని ఆసుపత్రి చివరిమెట్టు, మొదటిమెట్టు ఇంటిగడప. రక్తపుపోటు చూచుటకును, రక్తమున క్రియాటినిన్ పరీక్షించుటకును రోగము ముదరనక్కరలేదు. ఆశా కార్యకర్త గడపకు వచ్చినపుడు 'మాకేమి రోగము?' అని త్రిప్పి పంపక, ఇంటిల్లిపాదికిని పరీక్ష చేయించు గృహిణి తన కుటుంబమునకు చేయు మేలు ఇంతింతయనరాదు. అట్టి పరీక్ష ప్రతియేట ప్రతి పల్లెలో జరుగునట్లు పట్టుబట్టుట చదువుకొన్నవారి విధి. 1815లో కచేరీ తరలిపోయెను, పల్లె నిలిచెను. నిలిచినవారికడకు వైద్యమే నడిచి రావలయును.