పాదప్రక్షాళనము

అతిథి కాళ్ళకు నీళ్ళిచ్చుట, వివాహమున వరుని పాదములు కడుగుట మన యిండ్లలో నెఱిగిన యాచారములే. వీనియందు కడిగించుకొనువాడు పూజ్యుడు; కడుగువాడు పూజించువాడు. క్రైస్తవుల పాదప్రక్షాళనమున నీ వరుస తలక్రిందయినది. క్రీస్తు మరణమునకు ముందటి రాత్రి భోజనమునుండి లేచి, నడుమునకు తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెనని యోహాను సువార్త 13వ యధ్యాయము చెప్పుచున్నది. అది దాసులు చేయు పని. కనుకనే పేతురు మొదట నొల్లకపోయెను. మీరును ఒండొరులకిట్లే చేయుడని గురువు శిష్యుల నాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ చరిత్రలో నెట్లు నడచినదో చూచినచో, వినయము నిలుచు తావును, వేషముగా మాఱు తావును తేటపడును.

6వ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను మఠాధిపతి తన సన్న్యాసులకొక నియమావళి వ్రాసెను. అందు 7వ యధ్యాయము వినయమునకు 12 సోపానములను నిర్దేశించును. అయితే వినయము నిజముగ నభ్యాసమునకు వచ్చునది 35వ యధ్యాయమున, వంటయింటిలో. సన్న్యాసులు వంతులవారిగా వడ్డన చేయవలెను. శనివారమున వంతు దిగువాడు తువాళ్ళుతికి, పాత్రలు శుభ్రపఱచి యప్పగింపవలెను. అతడును, వంతునకు వచ్చువాడును గలిసి యందఱి పాదములు కడుగవలెను. అతిథులు వచ్చినపుడు మఠాధిపతియు వారి పాదములు కడుగవలసినదే. దాసుడై యుండి మఠమున చేరినవానికంటె స్వతంత్రుడై పుట్టినవాడు, ఆ కారణముచేతనే, అధికుడు కాడనియు నా నియమావళి శాసించినది.

ఇంగ్లండున నీ యాచారము రాజమందిరము చేరెను. 1573 మార్చి 19వ తేదీన, పవిత్ర గురువారమునాడు, గ్రీన్విచ్‌లో ఎలిజబెత్తు రాణి తన వయస్సున కెన్నేండ్లో అందఱు, అనగా 39 మంది, పేదస్త్రీల పాదములు మోకరిల్లి కడిగెను. అయితే అంతకుముందే రాజగృహపు చాకలిపనివారు, ఉపదానాధికారి, దానాధికారి వరుసగా నా పాదములను కడిగియుండిరి! రాణి చేయి సోకునప్పటికి వానియందు దుమ్మెక్కడిది? ఆ పేదలకు గుడ్డలు, ఆహారము లభించినవి. ఆ మేలు మేలే. కాని దానము వేఱు, వినయము వేఱు. 18వ శతాబ్దమున కడుగుట మానిపోయినది. నేడు రాజు నాణెములు మాత్రమే పంచిపెట్టుచున్నాడు.

రోము సంప్రదాయమున చాలకాలము పురుషుల పాదములనే కడుగుట విధిగా నుండెను. 2013లో ఫ్రాన్సిస్ పోపు రోములోని బాలనేరస్థుల నిర్బంధగృహమునకు బోయి, 12 మంది పాదములు కడిగెను. వారిలో ఇద్దఱు యువతులు. ఇతర మతస్థులును గలరు. 2016లో ఆ విధియే సవరింపబడి, స్త్రీలకును అందు స్థానము కలిగినది. సుమారు 20 శతాబ్దముల పిమ్మట గదా!

ఏడాదికొకనాడు పదిమంది యెదుట వంగుట కష్టము కాదు. ఎవరును చూడనిచోట, వంతు వచ్చిన ప్రతివారమును వంగుట కష్టము. బెనెడిక్టు వినయమునకు చోటిచ్చినది సింహాసనము ముందు గాదు, అంట్లపాత్రల యొద్ద. మన గృహములలో నా పాత్రల వంతు నిత్యము ఎవరిపై బడుచున్నదో, వినయమునుగూర్చి యుపన్యసించు పురుషులు ముందుగా విచారింతురుగాక.